ఖాళీగా ఉండాల్సిన గది

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. తెలియనివన్నీ ఆ తర్వాత ఏటా కొన్ని చొప్పున వచ్చి చేరాయి. ఇంజినీరింగు పట్టా నలగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, పర్చూరులో గుంటూరు బస్సెక్కిన ఇరవై రెండేళ్ళ పిల్లకి లోకంలో అర్థం కానిదేముంటుంది? డేటాబేస్ అంటే తెలుసు, దాన్ని అడగటం తెలుసు, చెప్పిన మాట వినకపోతే ఆపేసి మళ్ళీ మొదలుపెట్టటం తెలుసు. అంతకు మించి ఏ ఉద్యోగానికైనా ఏం కావాలి? ఆ ధీమాతోనే, ఒక డేటాబేస్ తన చిత్తు కాగితాలు ఎక్కడ పెట్టుకోవాలన్న చిన్న విషయంలోకి ఒక కోల్డ్ స్టోరేజీని, ఒక మంద ఒంగోలు ఎద్దులను, మా ఊరి చర్చి సంఘాన్ని మొత్తంగా లాగాను. లాగటానికి నేనొక్కదాన్నే సరిపోయాను. బయట పడేయటానికి మాత్రం ఇంకొకరు కావలసి వచ్చారు.

ఉద్యోగం గుంటూరు శివార్లలో ఒక మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో. కాయ కోసి ఎండబెట్టి తెచ్చాక ధర నచ్చని రైతు, మంచి ధర వచ్చేదాకా బస్తాలను అక్కడి చల్లటి చాంబర్లలో దాచుకుంటాడు. (మండే ఎండలో స్వెట్టర్లూ మంకీ క్యాపులూ పెట్టుకుని చాంబర్లోంచి బయటికొస్తున్న హమాలీలను మొదటిరోజు చూసి, ఊళ్ళో ఏదో జ్వరం తిరుగుతోందనుకుని ముక్కుకి చున్నీ కట్టుకున్నాను. చున్నీ ఎలాగూ పనికొచ్చింది, ఆ ఘాటుకి.) ఏ రైతు బస్తాలు ఏ చాంబర్లో ఏ అంతస్తులో ఏ వరసలో ఉన్నాయో కంప్యూటర్లోకి ఎక్కించటం నా పని. మూడు నెలలు చూసి, పనికొస్తాననుకుంటే ఉంచుకుంటామన్నారు. మా నాన్న బడిపంతులు. ఆయనా మూడు నెలలే చూస్తానన్నాడు. ఈలోపు ఉద్యోగం ఖాయం కాకపోతే బీఈడీలో చేర్పిస్తానని, దరఖాస్తు ప్రింటు తీయించి బైబిల్ కింద పెట్టాడు. (మా ఇంట్లో ఎగిరిపోకూడని కాగితాలన్నీ దాని కిందే ఉంటాయి.) పిల్లలకు పాఠాలు చెప్పటం మీద నాకేమీ కోపం లేదు. కాకపోతే అప్పటికే మా వీధి మొత్తానికి నేను గుంటూర్లో సిస్టమ్స్ ఇంజినీర్నని చెప్పుకుని ఉన్నాను. ఆ మాటను మళ్ళీ వీధి మొత్తం తిరిగి వెనక్కి తీసుకోవాలంటే కష్టం కదా.

అక్కడ నేను భయపడాల్సిన మనుషులు ఇద్దరు. ఒకరు ఓనరు గారు. అందరూ పెద్దాయన అనేవారు. భారీ మనిషి, గొంతు మనిషికంటే భారీ. రెండోవారు స్టోరు కీపరు. నడుముకి తాళాల గుత్తి కట్టుకుని తిరిగేవారు కాబట్టి హమాలీలు ఆయన్ని తాళాల బాబాయి అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. పెద్దాయన అరుస్తారు గనక భయం. తాళాల బాబాయి అరవరు గనక ఇంకా భయం. లక్ష పైచిలుకు బస్తాల్లో ఏ బస్తా ఎక్కడుందో రిజిస్టరు తెరవకుండా చెప్పగల మనిషి, నా కంప్యూటరు వంక చూసే చూపు ఎలా ఉండేదంటే, పండగకొచ్చి వారం దాటినా కదలని చుట్టాన్ని చూసినట్టు ఉండేది.

ఏటా లోడింగు అయిపోగానే ఊళ్ళ వారీగా రైతుల పేర్లూ, వాళ్ళ బస్తాల జాడా రాసి ఒక జాబితా ఆఫీసు గోడకి అంటించటం అక్కడి ఆనవాయితీ. రైతులు వచ్చి, తమ పేరు మీద వేలు పెట్టి చూసుకుని, అప్పుడుగానీ నమ్మకంగా ఇంటికి పోరు. అన్నేళ్ళూ దాన్ని తాళాల బాబాయి మరో ఇద్దరిని కూర్చోబెట్టుకుని వారంపైనే చేత్తో రాసేవారు. ఆ ఏడు పెద్దాయన, జాబితా కంప్యూటరే ఇస్తుందని రైతులందరికీ ముందే చెప్పేశారు. నన్ను పిలిచి, "అమ్మాయ్, వచ్చే శనివారం పొద్దున్నే గోడ మీద ఉండాలి. లేదంటే మళ్ళీ రిజిస్టర్లే. అదీ ఇదీ రెండూ నడపటం నా వల్ల కాదు" అన్నారు. అదీ అంటే నేనేనని నాకు అర్థమైంది.

దానికి వారం ముందు, ఇంకా లోడింగు నడుస్తుండగానే, అప్పటిదాకా వచ్చిన బస్తాలతో ఒకసారి జాబితా తీసి చూద్దామని కూర్చున్నాను. పావుగంట గిర్రున తిరిగి, డిస్కు నిండిపోయిందని చెప్పి పడిపోయింది. నాకు ముచ్చటేసింది. ఎందుకంటే ఆ జబ్బు నాకు తెలుసు. డేటాబేసుకి లక్ష పేర్లిచ్చి వరసలో పెట్టమంటే, అన్నీ ఒకేసారి బుర్రలో పట్టకపోతే పక్కన కాస్త చోటు చూసుకుని అక్కడ తాత్కాలికంగా ఫైళ్ళు పరుచుకుంటుంది. సర్దటం అవగానే తనే ఊడ్చి శుభ్రం చేసి వెళ్ళిపోతుంది. ఆ చోటు ఎక్కడన్నది సెట్టింగుల ఫైలులో ఒక్క లైను. ఎవరూ ఏమీ రాయకపోతే సీ డ్రైవులోనే ఒక మూల పరుచుకుంటుంది. మా సీ డ్రైవులో అప్పటికే కాలు పెట్టే సందు లేదు. ఇంకేం, చోటు మార్చాలి, అంతే. మార్చటానికి వేరే డిస్కు లేదు. డిస్కు కావాలంటే పెద్దాయన్ని అడగాలి. అది శనివారం సాయంత్రం. ఆ ధైర్యం సోమవారానికి వస్తుందిలెమ్మని ఇంటికి పోయాను.

ఇంట్లో అమ్మ నా ముఖం చూసి అడిగితే దాచలేకపోయాను. "ఏం లేదమ్మా, తాత్కాలిక ఫైళ్ళకి చోటు లేదు, దొరక్కపోతే నా ఉద్యోగం ఉండదు" అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. మర్నాడు ఆరాధనలో ప్రార్థన మనవుల చీటీలు చదివేటప్పుడు, ఒకావిడ మోకాళ్ళ నొప్పికీ, ఒకాయన బోరులో నీళ్ళకీ మధ్యన, పాస్టరు గారి గొంతులో నాకిలా వినపడింది: "మన సంఘపు పంతులు గారి కుమార్తె పని చేయుచున్న స్థలములో, తాత్కాలిక ఫైళ్ళకు చోటు అనుగ్రహింపబడునట్లు." నేను బెంచీ కింద దూరదామనుకున్నాను. సంఘం అంతా ఏమాత్రం తడుముకోకుండా ఆమెన్ అంది. అప్పుడు ముందు వరసలో కూర్చునే ఒక మామ్మ (ఆ చోట్లో వేరెవరూ కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు, అందుకే ముందు వరస మామ్మ) చేతులెత్తి గట్టిగా అందుకుంది. "తండ్రీ, చోటు లేకపోవటమంటే ఏందో నీకు ఒకరు చెప్పాలా? నువ్వు పుట్టిన్నాడు సత్రంలో నీకూ దొరకలేదు గదయ్యా. తాత్కాలికంగా వచ్చినోళ్ళు, ఎన్నాళ్ళుంటారు? ఒక్క గది చూపించు ప్రభువా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను కాలేజీలో నాలుగేళ్ళు చదివిన విషయాన్ని ఆవిడ అంత చక్కగా చెప్పటం చూసి, బెంచీ కింద దూరే ఆలోచన కాసేపు వాయిదా వేశాను.

ప్రార్థన ఫలించిందనే చెప్పాలి. సోమవారం పెద్దాయనకి విషయం చెప్పటానికి, ఆయనకి తెలిసిన భాషలో ఒక ఉపమానం తయారుచేసుకుని వెళ్ళాను. "మన చాంబర్ల ముందు ఒక గది ఉంది కదండీ. బస్తాలు నేరుగా లోపల పెట్టకుండా, ముందు అక్కడ దించి, ఎవరివి వాళ్ళవి వేరుచేసి, అప్పుడు లోపలికి పంపుతాం కదా. డేటాబేసుకి కూడా అలాంటి గది ఒకటి కావాలండి." నా తెలివికి నేనే మురిసిపోయాను. (తర్వాత జరిగినదానికంతా ఆ ఉపమానమే మూలమని అప్పుడు తెలియదు.) పెద్దాయన, "విడిగా గది కావాలి, అంతేగా? దానికింత నసుగుడెందుకు?" అని అప్పటికప్పుడు ఫోన్ చేసి డిస్కు తెప్పించారు. దాన్ని బిగించటానికి వచ్చిన షాపతను, యమగండం పోయేదాకా స్క్రూడ్రైవర్ చేత్తో పట్టుకుని గంటన్నర కూర్చున్నాడు. తర్వాత డిస్కుకి పసుపు రాశారు, బొట్టు పెట్టారు, ఎదురుగా కొబ్బరికాయ కొట్టారు. నీళ్ళు లోపలికి పోతాయని నేను అడ్డం నిలబడితే చల్లటి కొబ్బరినీళ్ళు నా మీద పడ్డాయి. నేను సెట్టింగుల ఫైలులో ఆ ఒక్క లైనూ మార్చి, డేటాబేసును ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. ఆ లైనును ప్రింటు తీసి పర్సులో పెట్టుకున్నాను కూడా. ఎందుకో అడక్కండి.

జాబితా వెంటనే తీసి చూద్దునేమో కానీ, అంత బరువైన పని పెడితే వచ్చే లారీల ఎంట్రీలు ఆగిపోతాయి, లోడింగు బుధవారంతో అయిపోతుంది, అప్పటిదాకా ముట్టుకోవద్దని పెద్దాయన ఆజ్ఞ. సరే అన్నాను. సోమవారం సాయంత్రం ఆయన టీ గ్లాసుతో నా వెనక వచ్చి నిలబడ్డారు.

"ఏదీ, ఆ కొత్త గది చూపించు."

తెరిచాను.

"ఏమీ లేదే?"

"పని ఉన్నప్పుడే వస్తాయండి. పని అయిపోగానే వెళ్ళిపోతాయి."

మంగళవారం పొద్దున మళ్ళీ వచ్చారు. ఖాళీ. మధ్యాహ్నం వచ్చారు. ఖాళీ. మూడోసారి వచ్చినప్పుడు ఆయన ముఖం చూసి నాకే బాధేసింది. ఆయన స్థితి మీరు అర్థం చేసుకోవాలి. ఆ సీజన్లో గుంటూరులో ఏ కోల్డ్ స్టోరేజీలోనూ ఒక్క బస్తాకి చోటుండదు. లారీలు రోడ్డు పొడవునా నిలబడి ఉంటాయి, చోటు కోసం ఆయన ఫోను మోగుతూనే ఉంటుంది, ఆయన వాళ్ళకి లేదు లేదని చెబుతూనే ఉంటారు. అలాంటి మనిషికి, తన సొంత కప్పు కింద, పసుపు రాసి మరీ తెరిచిన గది ఒకటి ఊరికే ఖాళీగా పడి ఉందని తెలిస్తే అన్నం ఎలా సయిస్తుంది? "ఎవరన్నా వచ్చి చూస్తే ఏమనుకుంటారు?" అన్నారు మెల్లగా. ఆయన మెల్లగా మాట్లాడటం నేను అదే మొదటిసారి వినటం. నేను నవ్వుకుని ఊరుకున్నాను. అదే పొరపాటు.

బుధవారం మధ్యాహ్నం ఆఖరి లారీ దిగింది. నేను చున్నీ బిగించి జాబితా మొదలుపెట్టాను. పది నిమిషాలు. డిస్కు నిండిపోయింది. కళ్ళు నులుముకుని (మిరప దుమ్ము అంటిన చేతులతో కళ్ళు నులమకూడదని అప్పటికీ నాకు అలవాటు కాలేదు) కొత్త డిస్కు తెరిచి చూద్దును కదా, అంచులదాకా ఎద్దులు.

పెద్దాయనకి బండలాగుడు పోటీలంటే ప్రాణం. రెండు జతలను సొంతంగా మేపేవారు. జాతరలకీ తిరునాళ్ళకీ పోటీలు ఎక్కడ జరిగినా ఆయన ఎద్దులు వెళ్ళేవి, వెంట ఒక వీడియో అతను వెళ్ళేవాడు. ఎనిమిదేళ్ళ పోటీలు, ఒక్కొక్కటి మొదటినుంచి చివరిదాకా, బండ కదలకముందు అరగంట, ఆగాక అరగంటతో సహా, అంతా తెచ్చి మంగళవారం సాయంత్రం నేను వెళ్ళాక నా తాత్కాలిక ఫైళ్ళ గదిలో దింపేశారు.

"ఎద్దుల్ని ఎందుకు పెట్టారండీ?" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"ఖాళీగా ఉందిగా."

"ఖాళీగానే ఉండాలండి అది."

"ఖాళీగా ఉంచటానికి డిస్కెందుకు కొంటారు?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేకపోలేదు గానీ, ఆయన అడిగిన తీరులో న్యాయం కనిపించింది. "అయినా అవి ఒక మూలన నిలబడతాయి, నీ ఫైళ్ళకేం అడ్డం? పొడుస్తాయా?"

పక్కనే రిజిస్టరు రాసుకుంటున్న తాళాల బాబాయి తల ఎత్తకుండా, "ముందు గదిలో పశువుల్ని కడితే సరుకెక్కడ దించుతారండీ" అన్నారు. ఆ మాట పెద్దాయనకి ఎక్కింది. ఎక్కిందిగానీ ఎద్దుల్ని తుడిచేయటానికి చేతులు రాలేదు. తన తోడల్లుడి ఇంట్లో పెద్ద కంప్యూటరుంది, అక్కడికి తోలేద్దామన్నారు. గురువారం అంతా ఆ పనే. వీడియోలు కాపీ అవుతున్నంతసేపూ పెద్దాయన నా పక్కన కుర్చీ వేసుకుని, ఏ జత ఏ ఊళ్ళో ఎన్ని అడుగులు లాగిందో చెబుతూ ఒక్కొక్కదాన్నీ సాగనంపారు. ఎడమ పక్క ఎద్దు ఒకసారి పోటీ మధ్యలో కూలబడిపోయిన సంగతి దగ్గర మాత్రం కాపీని కాసేపు ఆపమన్నారు. సాయంత్రానికి గది ఖాళీ అయింది. ఆయన కాసేపు దానివంక చూసి, ఒక అట్టముక్క మీద "ఇచ్చట ఏమియు ఉంచరాదు" అని రాయించి, నా మానిటరుకి దారంతో కట్టించి వెళ్ళిపోయారు.

శుక్రవారం పొద్దున పది గంటలకి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి కొత్త డిస్కులో ఫైళ్ళు కళ్ళముందే పెరగసాగాయి. పెద్దాయన చూసి, "దిగుతోంది, దిగుతోంది" అని హమాలీల మేస్త్రీని కేకేశారు. మేస్త్రీ వెనక హమాలీలొచ్చారు. స్వెట్టర్లూ మంకీ క్యాపులతో డజను మంది నా కుర్చీ చుట్టూ నిలబడి, మానిటరు మీద అంకె పెరగటం చూస్తూ, "సగం నిండింది", "ఇంకా పడుతుంది లే", "ఒత్తి సర్దితే పడుతుంది" అని ఎవరి అనుభవం వాళ్ళు చెప్పారు. నాకు గర్వంగానే ఉంది. పన్నెండయింది, రెండయింది. మూడింటికి అంకె ఆగింది. డిస్కు నిండిపోయిందని ఎర్ర అక్షరాలు వచ్చాయి.

హమాలీలు ఒక్కొక్కరే జారుకున్నారు. పెద్దాయన నావంక చూసి, "ఇంకో డిస్కు కావాలా?" అన్నారు. ఆ క్షణంలో నేనిచ్చిన జవాబు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. "రెండు కావాలండి" అన్నాను. ఆయన బయటికి వెళ్ళిపోయారు. అరిచినా బాగుండేది. అవతల తాళాల బాబాయి లేచి, బీరువా తెరిచి, పాత రిజిస్టర్లు బల్ల మీద పెట్టి దుమ్ము దులపటం మొదలుపెట్టారు. నాకు బైబిల్ కింది దరఖాస్తు కళ్ళముందు కదిలింది. మా వీధి కదిలింది. కళ్ళు తుడుచుకున్నాను, అదే మిరప చేతులతో. ఏడుపు మొదలుపెట్టింది నేనే అయినా, ఆ తర్వాత కొనసాగించింది మాత్రం మిరపకాయలు. ఆగమంటే ఆగదు.

తాళాల బాబాయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, కళ్ళు కడుక్కునేదాకా ఆగి, స్టూలు జరుపుకుని కూర్చున్నారు.

"ఏమ్మా, ఒక బస్తా సంగతి రాయటానికి నీ మిషన్‌కి ఎంత కాగితం కావాలి?"

"కాగితం కాదు బాబాయ్ గారూ..."

"అనుకో."

ఆలోచించాను. "రెండు లైన్లు చాలండి."

"అయితే మొత్తం బస్తాలన్నీ నా రిజిస్టర్లలో పడతాయి. ఆ బీరువాలో ఒక అర." ఆయన బీరువా వైపు చూపించారు. "మరి ఆ కొత్త డిస్కులో అలాంటి బీరువాలు ఎన్ని పడతాయి?"

లెక్కేశాను. ఇంకోసారి లెక్కేశాను. "వేలల్లో పడతాయండి."

"వేల బీరువాలు పట్టే గది, ఒక అర సరుకుకి నిండిపోయిందంటావేంటి?"

వారం రోజులుగా నేను గది చాలదు, గది చాలదు అని అందరి ప్రాణం తీశానే తప్ప, అసలు అందులోకి ఏం వస్తోందని ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన తొందరపెట్టకుండా మళ్ళీ అడిగారు. "సరే, అది పోనీ. నీ మిషను ఫలానా బస్తా ఫలానా రైతుదని ఏం చూసి గుర్తుపడుతోంది?"

నేను డేటాబేసును అడిగిన ప్రశ్న, మా భాషలో క్వెరీ, తెరిచి చూశాను. చూసి, వినపడీ వినపడకుండా, "ఊరి పేరు చూసండి" అన్నాను.

తాళాల బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "ఊరి పేరు చూసి బస్తా ఇస్తే ఆ ఊరోళ్ళందరూ వచ్చి నాదంటే నాదని మీద పడతారమ్మా. బస్తా మీద ఎర్ర రంగుతో లాటు నంబరు ఎందుకు వేయిస్తాం? ఊరు కాదు, పేరు కాదు. మా తమ్ముడే వచ్చి అడిగినా నంబరు చూడకుండా తలుపు తీయను నేను."

జరిగిందేమిటంటే, మొదట్లో సరిచూసుకోవటానికి నేను పది ఊళ్ళు కల్పించి, సోమరితనం కొద్దీ ఊరికి ఒక్క రైతును, రైతుకి ఒక్క లాటును, అంటే ఒక్క విడత సరుకును, పెట్టుకున్నాను. ఊరి పేరుతో కలిపితే చక్కగా కలిశాయి. కానీ నిజం ఊళ్ళలో రైతులు వందల్లో ఉంటారు, ఒక్కొక్కరికీ లాట్లు బోలెడు. నా క్వెరీ ప్రతి బస్తానూ పట్టుకుని, ఆ ఊళ్ళో ఉన్న ప్రతి రైతు పక్కనా, ప్రతి లాటు పక్కనా ఒక్కోసారి నిలబెట్టి, ఆ మొత్తాన్నీ వరసలో పెట్టమని డేటాబేసును అడుగుతోంది. పాపం, అది నోరెత్తకుండా ప్రయత్నించింది. ఆ సరుకుకి నేనడిగిన రెండు డిస్కులు కాదు, షాపులో ఉన్నవన్నీ తెచ్చినా చాలవు.

ఊరి పేరు తీసేసి లాటు నంబరు పెట్టాను. రెండు చోట్ల. నొక్కాను. తాళాల బాబాయి అప్పుడే వచ్చిన టీ సగం తాగారో లేదో, జాబితా మొత్తం వచ్చేసింది. ఆయన లేచి నిలబడి, మానిటరు మీద వేలు పెట్టి, తనకి తెలిసిన పేర్లు ఇరవై దాకా చూశారు. చాంబరు, అంతస్తు, వరస, అన్నీ ఆయన తలలో ఉన్నట్టే ఉన్నాయి. తర్వాత వెళ్ళి బల్ల మీది రిజిస్టర్లు మళ్ళీ బీరువాలో సర్దేశారు. నేను మెల్లగా కొత్త డిస్కు తెరిచి చూశాను. ఖాళీ. ఆ మాత్రం పనికి దానికి పక్క గది అవసరమే రాలేదు, ఉన్నచోటే కూర్చుని సర్దేసుకుంది.

శనివారం పొద్దున జాబితా గోడ మీద ఉంది. రైతులు వేళ్ళు పెట్టి చూసుకుంటున్నారు. పెద్దాయన గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళందరికీ విడిగా గది కట్టించటం వల్లే ఇంత పని జరిగిందనీ, అందుకోసం ఎద్దుల్ని సైతం వదులుకున్నాననీ చెబుతున్నారు. ఆ మాట ఐదోసారి విన్నాక నా వల్ల కాలేదు. తాళాల బాబాయి వైపు చూశాను. ఆయన ఎటో చూస్తూ తాళాలు లెక్కపెట్టుకుంటున్నారు. ఆయన చెప్పరని నాకు తెలుసు. చెప్పరు గనకే చెప్పకుండా ఉండలేకపోయాను.

"సార్, చోటు చాలకపోవటం కాదండి. తప్పు నాది. నేనే తప్పుగా రాశాను. బాబాయ్ గారు పట్టుకున్నారు."

పెద్దాయన చెప్పేది ఆపి నా వైపు తిరిగారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను, దరఖాస్తు మడతలు కూడా లెక్కపెట్టుకున్నాను.

"అయితే ఆ గది?"

"ఖాళీగానే ఉందండి."

"ఇక ఖాళీయేనా?"

"పెద్ద పని ఏదైనా వస్తే కాస్త చోటు కావాలండి. ఒక మూల చాలు."

ఆయన జేబులోంచి ఫోన్ తీసి తోడల్లుడికి చేశారు. "ఒరేయ్, మన ఎద్దుల్ని తోలుకొచ్చెయ్" అన్నారు. గొంతు ఎప్పటిలా భారీగా ఉంది. ఫోన్ పెట్టేసి, "నువ్వుండాలో వద్దో కీపర్నడుగు, పట్టుకున్నది ఆయనేగా" అని లోపలికి వెళ్ళిపోయారు. తాళాల బాబాయి నన్నేమీ అడగనివ్వలేదు. "సోమవారం కాస్త పెందలాడే రా అమ్మా. స్వెట్టరు తెచ్చుకో. బస్తా అంటే ఏంటో చాంబర్లోకి తీసుకెళ్ళి చూపిస్తా" అన్నారు.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పమన్నప్పుడు అమ్మ నా మోచేయి పొడిచింది. లేచి, ఉద్యోగం ఖాయమైందన్నాను. ముందు వరస మామ్మ వెనక్కి తిరిగి, "చోటు దొరికిందా తల్లీ?" అంది. అసలు చోటుతో పనే లేదనీ, నేనే ఊరందరి బస్తాలూ ఊరందరి నెత్తినా పెట్టాననీ చెప్పటానికి నోరు తెరిచాను. సంఘం అంతా ఎదురుచూస్తోంది. "దొరికింది మామ్మా" అన్నాను. స్తోత్రం అన్నారు అందరూ. ఆ వారంలో నేను చెప్పిన అబద్ధం అదొక్కటే, దానికి మాత్రం ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.

పదేళ్ళయింది. ఇప్పుడు నా పనే అది, వేరే వాళ్ళ డేటాబేసులు చూసిపెట్టటం. డిస్కు చాలటం లేదు, తాత్కాలిక ఫైళ్ళకి ఇంకో చోటు చూపించమని నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళు నాలాగే చాలా ధీమాగా ఉంటారు. "ఒక బస్తాకి ఎంత కాగితం కావాలి?" అని అడుగుతాను. పాపం, వాళ్ళకి అర్థం కాదు, ఈవిడకేదో తేడాగా ఉందనుకుంటారు. పర్చూరు వెళ్ళినప్పుడల్లా ముందు వరస మామ్మ నా చేయి పట్టుకుని, "వాళ్ళంతా బాగున్నారా?" అని అడుగుతుంది. ఆవిడకి కళ్ళు సరిగా కనపడటం లేదు గానీ ఫైళ్ళను మాత్రం మర్చిపోలేదు. "బాగున్నారు మామ్మా, వస్తున్నారు, పోతున్నారు" అంటాను. "ఇరుకేం కాలేదుగా?" అంటుంది. లేదంటాను. పర్సులో ఆ ఒక్క లైను ప్రింటు ఇప్పటికీ ఉంది, మడతల దగ్గర చిరిగి, అంచున ఎర్రగా కాస్త మిరప మరకతో. అప్పుడప్పుడు తీసి చూసుకుంటాను. దాన్ని దాచుకున్న పిల్ల మీద కోప్పడదామనుకుంటాను, కానీ ఎంత ప్రయత్నించినా తుమ్మొస్తుంది.